నాన్న చేతికి కట్టిన అడుగుల బ్యాండ్: పద్నాలుగు నెలలు వాడాక రాస్తున్న రివ్యూ

ముందే చెప్పేస్తాను. కొనచ్చా అంటే కొనచ్చు. కానీ మా పెద్దాయన కుర్చీకి అతుక్కుపోయారు, ఇది చేతికి కడితే లేచి నడుస్తారు అనే ఆశతో మాత్రం కొనకండి, ఆ పని దీనివల్ల కాదు. నేను ఆ ఆశతోనే కొన్నాను. పద్నాలుగు నెలలైంది, ఒకటి నాన్న చేతికి, ఇంకోటి అమ్మ చేతికి. ఈలోపు దీని మంచీ చెడూ బాగానే తెలిశాయి కాబట్టి వివరంగా రాస్తున్నాను, దూరంగా ఉండి అమ్మానాన్నల గురించి బెంగపడే నాలాంటి వాళ్ళకి ఉపయోగపడుతుందని.

నాన్నకి 72. కరెంటు ఆఫీసులో చేసి రిటైరయ్యారు. అమ్మకి 67. ఇద్దరూ రాజమండ్రిలోనే సొంతింట్లో ఉంటారు. నేను హైదరాబాద్‌లో, అన్నయ్య మస్కట్‌లో. నాన్నకి బీపీ ఉంది, అమ్మకి షుగర్ బోర్డర్‌లో ఉంది. రోజూ రాత్రి ఎనిమిదికి ఫోన్ చేస్తాను, "ఎలా ఉన్నారు నాన్నా" అంటే "ఆయ్, బానే ఉన్నాం" అంటారు. ఏ రోజు అడిగినా అదే మాట. జ్వరం వచ్చి మూడు రోజులు మంచం మీద ఉన్నప్పుడు కూడా అదే మాట అన్నారు, తర్వాత పక్కింటి పిన్ని గారు చెబితే తెలిసింది. బ్యాండ్ కొనడానికి అసలు కారణం అది.

బ్రాండ్ పేరు రాయట్లేదు. రెండు వేల నుంచి మూడు వేల లోపు దొరికేవాటిలో నేను చూసినంతలో పెద్ద తేడా లేదు, నేను కొన్నది 2,400. ఒకదానికొకటి మారేది డబ్బా మీది బొమ్మ, స్ట్రాప్ రంగు, యాప్ రూపం. అడుగులు లెక్కపెట్టే పద్ధతి అన్నిట్లోనూ ఒకటే, లోపల ఒక చిన్న చిప్ చేతి కదలికను పట్టుకుని లెక్క కడుతుంది.

అయితే ఇది మా ఇంట్లోకి వచ్చిన రెండో బ్యాండ్. మొదటిది నాన్నే ఊళ్ళో ఒక మొబైల్ షాపులో కొనుక్కొచ్చారు. బీపీ చూపిస్తుంది, షుగర్ కూడా చూపిస్తుంది, సూది గుచ్చుకోనక్కర్లేదు అని షాపతను చెప్పాడట. నాలుగో రోజు రాత్రి పదకొండు గంటలకి ఫోన్. నాన్న అంత రాత్రప్పుడు చేయరు, ఫోన్ ఎత్తేలోపే నాకు చేతులు చల్లబడ్డాయి. "అమ్మాయ్, బీపీ 170 చూపిస్తోందే, మాత్ర ఇంకోటి వేసుకోమంటావా" అన్నారు. వద్దు నాన్నా, ముందు బీరువాలో ఉన్న పాత మిషన్ తీసి చూసుకోండి అన్నాను. జబ్బకి పట్టీ చుట్టి గాలి కొట్టే మిషన్‌లో 134 వచ్చింది. అయిదు నిమిషాలాగి చూస్తే 130. ఆ రాత్రి ఆ రెండో మాత్ర వేసుకుని, నిద్రలో బాత్‌రూమ్‌కి లేచి, కళ్ళు తిరిగి పడి ఉంటే? ఇప్పటికీ తలుచుకుంటే భయమే.

కాబట్టి ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి. చర్మం మీద పచ్చ లైటు వేసి, అది తిరిగొచ్చే తీరుని బట్టి గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో ఇవి చెప్పగలవు, అక్కడివరకు పర్వాలేదు. జబ్బకి పట్టీ చుట్టకుండా ఈ చవక బ్యాండ్లు చెప్పే బీపీ అంకెను నమ్మి మాత్ర ఎక్కువా తక్కువా చేయకూడదు. షుగర్ సంగతైతే మరీనూ, సూది గుచ్చకుండా షుగర్ చూపిస్తామనే వాచీలకూ ఉంగరాలకూ వేటికీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో అందరినీ హెచ్చరించింది కూడా. మా వాళ్ళ డాక్టర్ గారు ఆ బ్యాండ్ చూసి ఒకటే అన్నారు, "అడుగులు చూసుకోండి, మిగతావి చూడకండి" అని. షాపతను వెనక్కి తీసుకోలేదు, డబ్బులు పోయాయి. అది డ్రాయర్‌లో పడుంది.

రెండోది నేను కొన్నాను, పోయినేడు సంక్రాంతికి వెళ్ళినప్పుడు. కట్టగానే ముందు చేయాల్సిన పని టార్గెట్ మార్చడం. డబ్బా తీసేసరికి పదివేల అడుగులు పెట్టి ఉంటుంది. ఆ పదివేలు ఏ డాక్టరూ లెక్కగట్టి చెప్పింది కాదు. టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటేడు, 1965లో, జపాన్‌లో ఒక కంపెనీ అడుగుల మీటర్ తయారుచేసి మాన్పో-కే అని పేరు పెట్టి అమ్మింది, అంటే పదివేల అడుగుల మీటర్ అని అర్థం. ఆ పేరే పాకుతూ పాకుతూ మన నాన్నల చేతుల దాకా వచ్చింది. 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్ళున్న దాదాపు 16,700 మంది ఆడవాళ్ళ మీద చేసిన పరిశీలన ఒకటుంది. రోజుకి 2,700 అడుగుల దగ్గర ఆగిపోయినవాళ్ళ కంటే 4,400 వేసినవాళ్ళలో ఆ తర్వాతి నాలుగైదేళ్ళలో మరణాలు బాగా తక్కువగా కనిపించాయి, 7,500 దాటాక ఇంక పెద్ద తేడా కనబడలేదు. ఒంట్లో బాగున్నవాళ్ళే ఎక్కువ నడుస్తారు కదా, అంచేత అదంతా నడక మహిమే అనలేం. అయినా 72 ఏళ్ళ మనిషికి పదివేలు పెట్టి రోజూ రాత్రి "టార్గెట్ పూర్తి కాలేదు" అని చూపించడం అన్యాయం. మొదటి వారం నాన్న రాత్రి తొమ్మిదింటికి హాల్లో ఆ గోడ నుంచి ఈ గోడకి తిరుగుతున్నారట, మిగిలిన రెండువేలు పూర్తి చేయడానికి. అమ్మ ఫోన్ చేసి తిట్టింది నన్ను. వెంటనే అయిదువేలకి తగ్గించాను. మీరూ మొదటి రోజే తగ్గించండి.

ఇంకో తప్పు చేశాను, ఇది వస్తువు తప్పు కాదు, నాదే. యాప్ నా ఫోన్‌లోనే పెట్టుకున్నాను, నాన్న ఫోన్ నుంచి లెక్కలు నాకు వచ్చేలా. మధ్యాహ్నం మూడింటికి ఆఫీసు నుంచి ఫోన్ చేసి "ఏంటి నాన్నా, పొద్దున్నించి 900 కూడా లేవు" అనేదాన్ని. నెల తిరిగాక ఒకరోజు లెక్కలు రావడం ఆగిపోయాయి. చార్జింగ్ అయిపోయిందేమో అనుకున్నాను. తొమ్మిది రోజులు రాలేదు. అడిగితే నాన్న నెమ్మదిగా, కోపం లేకుండా, "ముప్పై నాలుగేళ్ళు ఆఫీసులో రిజిస్టర్‌లో సంతకం పెట్టి వచ్చానమ్మా, ఇప్పుడు నీక్కూడా పెట్టాలా" అన్నారు. నాకు నోట మాట రాలేదు. క్షమించండి నాన్నా అన్నాను. నా ఫోన్‌లోంచి యాప్ తీసేశాను. ఆదివారం వీడియో కాల్‌లో ఆయనే ఆ వారం అడుగుల గీతల బొమ్మ తీసి ఫోన్ ముందు పెట్టి చూపిస్తారు, చూపించాలనిపిస్తేనే. ఆ ఒప్పందం తర్వాత బ్యాండ్ మళ్ళీ కట్టుకోవడం మొదలుపెట్టారు. పెద్దవాళ్ళకి ఇలాంటిది కొనేవాళ్ళందరికీ ఇది చెప్పాలనుంది. ఆయన ఒళ్ళు, ఆయన అడుగులు. లెక్క ముందు ఆయనది.

ఇక బ్యాండ్ వల్ల నిజంగా తెలిసిన సంగతి.

నాన్న రోజూ పొద్దున్న అయిదున్నరకి గోదావరి గట్టుకి వెళ్ళేవారు. వాళ్ళదొక బ్యాచ్, అయిదుగురు. లెక్కల మాస్టారు, పోస్ట్‌మాస్టర్ గారు, రైల్వేలో చేసిన ఆయన ఒకరు, బట్టల కొట్టు కొడుక్కి అప్పగించిన ఆయన ఒకరు, నాన్న. పుష్కర ఘాట్ దగ్గర కలుసుకుని, గట్టు వెంబడి ఒక ముక్క నడిచి, తిరిగొచ్చి బెంచీ మీద కూర్చుని టీ తాగి, పేపర్‌లో వచ్చిందంతా తిట్టుకుని, ఏడున్నరకి ఇంటికి. ఆ రోజుల్లో బ్యాండ్ 6,500 దగ్గర చూపించేది. ఆదివారం వాళ్ళకి సెలవు, మనవలు వస్తారని ఎవరూ రారు. ఆదివారం నాన్న లెక్క 2,800. గోదావరి అక్కడే ఉంది, గట్టు అక్కడే ఉంది, చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి. మనుషులు లేరు, అంతే. నాకు అప్పుడే అర్థం కావాల్సింది, కాలేదు.

పోయిన ఆగస్టులో మాస్టారు ఇల్లు అద్దెకిచ్చి పుణేలో కొడుకు దగ్గరికి వెళ్ళిపోయారు. సెప్టెంబర్‌లో పోస్ట్‌మాస్టర్ గారికి మోకాలి ఆపరేషన్ అయింది. ఇవేవీ నాకు తెలియవు, నాన్న చెప్పలేదు. ఆదివారం బొమ్మలో గీతలు పొట్టిగా అవుతున్నాయి. 5,000, తర్వాత 3,800, దసరా వచ్చేసరికి 2,900. ఇంకో విచిత్రం, మధ్యాహ్నం నిద్ర రెండు గంటలు, మూడు గంటలు అని చూపించడం మొదలుపెట్టింది. పోనీలే పడుకుంటున్నారు అనుకుని సంతోషపడ్డాను. దసరాకి వెళ్తే తెలిసింది, అది నిద్ర కాదు. పడక కుర్చీలో కదలకుండా కూర్చుని టీవీ వైపు చూస్తున్నారు. చెయ్యి కదలకపోతే బ్యాండ్ దాన్ని నిద్ర అనుకుంటుంది. నేను వెళ్ళిన రెండో రోజు మధ్యాహ్నం పక్కనే కూర్చుని చూశాను, టీవీలో ఏదో వంటల ప్రోగ్రాం వస్తోంది, నాన్న జన్మలో వంట ప్రోగ్రాం చూసే మనిషి కాదు. రిమోట్ చేతిలోనే ఉంది, మార్చలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. అదే టైంలో యాప్‌లో నీలం రంగు పట్టీ, గాఢ నిద్ర అని.

గట్టుకి ఎందుకు వెళ్ళట్లేదు నాన్నా అంటే, "ఒక్కణ్ణే ఏం వెళ్తానమ్మా" అన్నారు.

బ్యాండ్‌లో ఉన్న ఆయుధాలన్నీ వాడాను నేను. గంటకోసారి లేవమని వణికే అలారం పెట్టాను, ఆయన భోజనం చేస్తుంటే వణికింది, పెరుగన్నం మధ్యలో ఆపి చెయ్యి విదిలించి, తర్వాత అదే తీసి దాచేశారు, నేనే బతిమాలి ఆ అలారం ఆపేసి మళ్ళీ కట్టాను. నా ఫోన్‌లో మళ్ళీ యాప్ పెట్టుకుని అన్నయ్యనూ నన్నూ నాన్ననూ కలిపి అందులో పోటీ పెట్టాను. రెండు రోజులు చూశారు, మూడో రోజు లేదు. బొమ్మలు, కప్పులు, పతకాలు వస్తాయి స్క్రీన్ మీద. 72 ఏళ్ళ మనిషికి స్క్రీన్ మీద కప్పు ఇస్తే ఏం చేసుకుంటారు?

అప్పుడు అమ్మ చేసిన పని ఒకటి చెప్పాలి. మా ఇంట్లో గోడ క్యాలెండర్‌లో పాల లెక్క రాయడం ఎప్పటినుంచో అలవాటు. అదే క్యాలెండర్‌లో, నాన్న బయటివాళ్ళెవరితోనైనా ఎదురెదురుగా ఓ అరగంట మాట్లాడిన రోజు ఎర్ర పెన్నుతో చుక్క పెట్టమన్నాను. ఫోన్‌లో మాట్లాడితే లెక్కలేదు, మనిషి ఎదురుగా ఉండాలి. నెలాఖరుకి ఆ చుక్కల్నీ బ్యాండ్ గీతల్నీ పక్కపక్కన పెట్టి చూశాం. చుక్క ఉన్న రోజు అడుగులు ఉన్నాయి. చుక్క లేని రోజు లేవు. రైతుబజార్‌కి వెళ్ళి పాత ఆఫీసతను కనబడిన రోజు 5,100. బ్యాంకు పని ఉండి, లైన్‌లో ఎవరో తగిలి మాట్లాడిన రోజు 4,700. చుక్క లేని రోజుల్లో ఎక్కువ వచ్చింది 3,000. మా ఒక్క ఇంటి లెక్క ఇది, ఒప్పుకుంటాను. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఒంటరితనం మీద రిపోర్టు ఇస్తూ ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని చెప్పింది, అది చదివినప్పుడు నాకు ఆ చుక్కల్లేని గళ్ళే కళ్ళముందు కనిపించాయి. ఈ బ్యాండ్‌లో గుండెకి ఒక పేజీ ఉంది, నిద్రకి ఒక పేజీ ఉంది, ఆక్సిజన్‌కి ఉంది, ఒత్తిడికి కూడా ఉంది. ఈ రోజు ఎవరితో మాట్లాడారు అనేదానికి లేదు. దాన్ని క్యాలెండర్ మీద మనమే రాసుకోవాలి.

నాన్నని లేపింది పోస్ట్‌మాస్టర్ గారు. ఆపరేషన్ తర్వాత ఆయన్ని రోజూ నడిపించాలని ఫిజియోథెరపీ అతను చెప్పాడట, ఇంట్లో వాళ్ళకి కుదరడం లేదు, ఆయనకి వాకర్ పట్టుకుని ఒక్కరే వీధిలోకి రావాలంటే భయం, పైగా నామోషీ. ఆయన భార్య అమ్మకి ఫోన్ చేసి చెప్పుకుంది. అమ్మ నాన్నతో, "మీరెళ్ళి కాస్త పక్కన నిలబడండి" అంది. నడక కోసం వెళ్ళమంటే వెళ్ళని మనిషి, ఇంకొకళ్ళకి తోడుగా వెళ్ళమనేసరికి చొక్కా వేసుకుని బయల్దేరారు. దీపావళి అయిన మర్నాటి నుంచి సాయంత్రం అయిదింటికి రోజూ వెళ్తున్నారు.

మరి బ్యాండ్ ఏం చూపించింది? ఏమీ చూపించలేదు. ఇక్కడే ఈ వస్తువులో పెద్ద లోపం బయటపడింది. క్రిస్మస్ సెలవులకి వెళ్ళినప్పుడు నేనే పరీక్ష పెట్టాను. నాన్న మామూలుగా తన నడక నడుస్తుంటే పక్కన నడుస్తూ నోటితో 200 లెక్కపెట్టాను, బ్యాండ్ 194 చూపించింది, చాలా బాగుంది. పోస్ట్‌మాస్టర్ గారి పక్కన, ఆయన జబ్బ కింద చెయ్యి వేసి, ఆయన వాకర్ ఒక జానెడు ముందుకి జరిపి, ఒక అడుగు వేసి, ఆగి, ఇంకో అడుగు వేస్తుంటే, నాన్న కూడా అదే నడక. మళ్ళీ 200 లెక్కపెట్టాను. 71 చూపించింది. చెయ్యి ఊగట్లేదు, నడక నెమ్మది, దానికది నడకలా అనిపించలేదు. సరదాకి నా బ్యాండ్ పోస్ట్‌మాస్టర్ గారి చేతికి కట్టి చూశాం. రెండు చేతులూ వాకర్ మీదే ఉన్నాయి కదా, వీధి చివరి వరకు వెళ్ళి వచ్చారు, చెమట పట్టింది ఆయనకి, బ్యాండ్‌లో 12. ఆయన చూసి ఏమనుకుంటారో అని నేను గబుక్కున విప్పేశాను.

అంచేత వాకర్ వాడేవాళ్ళకి, చేతికర్ర ఉన్న చేతికి, పాదాలు ఈడ్చి నడిచేవాళ్ళకి ఈ బ్యాండ్ కొనకండి. వాళ్ళు పడే కష్టానికి అది చూపించే అంకె అవమానంలా ఉంటుంది. కర్ర ఒక చేత్తోనే అయితే రెండో చేతికి కట్టి చూడచ్చు, కొంచెం నయం. సంచీలు పట్టుకుని నడిచినా, చెయ్యి జేబులో పెట్టుకున్నా లెక్క తగ్గుతుంది.

లెక్కకి రానిది ఇంకోటి ఉంది. ఫిజియో అతను పోస్ట్‌మాస్టర్ గారికి కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం నేర్పాడు, రోజూ పదేసి రెండుసార్లు. నాన్న కూడా ఎదురు కుర్చీ వేసుకుని ఆయనతో పాటు చేస్తున్నారు. మొదట్లో నాన్న ఆరుకే ఆయాసపడ్డారు. కరెంటు స్తంభాల మధ్య ఎండలో తిరిగిన మనిషి, తొడల్లో అంత బలం పోయిందని మాకెవరికీ తెలియదు, ఎందుకంటే 6,500 అడుగులు చూసి అంతా బాగుందనుకున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల్లో 65 దాటినవాళ్ళకి వారానికి కనీసం 150 నిమిషాలు కాస్త ఒళ్ళు వేడెక్కే నడకలాంటిది చెప్పి, దాంతోపాటు వారానికి మూడు రోజులైనా బ్యాలెన్సూ కండబలమూ పెంచే పనులు చేయమంది, పడిపోకుండా ఉండటానికి. ఆ రెండో సగాన్ని ఈ బ్యాండ్ పట్టుకోలేదు. కూర్చుని లేస్తే దానికి తెలియదు, ఒంటికాలి మీద నిలబడితే తెలియదు.

ఇంక అమ్మ సంగతి. ఉగాదికి అమ్మకి కూడా ఒకటి కొన్నాను, నాన్నకే కొన్నానని చిన్నబుచ్చుకుంటుందేమో అని. అమ్మకి వాకింగ్ అలవాటు లేదు, గుమ్మం దాటడమే తక్కువ, మూడువేలు వస్తే గొప్ప అనుకున్నాను. మొదటి రోజు 8,300. పొరపాటేమో అనుకున్నాను. రెండో రోజు 7,900. తర్వాత అమ్మ పక్కనే ఉండి చూస్తే అర్థమైంది, పొద్దున్న అయిదింటికి కళ్ళాపి దగ్గర మొదలైన మనిషి రాత్రి తొమ్మిదిన్నరకి గ్యాస్ కట్టేసేదాకా కూర్చోదు. పెరట్లోకి, వంటింట్లోకి, మేడ మీదికి, గుమ్మంలోకి. కొంత దొంగ లెక్క కూడా ఉంది, చపాతీ పిండి కలుపుతుంటే అడుగులు పెరుగుతున్నాయి, మజ్జిగ చిలుకుతుంటే పెరుగుతున్నాయి. అది తీసేసినా ఆరువేలు ఖాయం. నలభై ఐదేళ్ళుగా ఈ మనిషి రోజూ ఇంత నడుస్తోందని మాకు ఇంతకాలం తెలియకపోవడం నాకు చాలా బాధ కలిగించింది. గట్టు మీద రెండు గంటలు తిరిగొచ్చిన నాన్నకి "వాకింగ్ చేసొచ్చారు" అని మేమే మంచినీళ్ళు అందించేవాళ్ళం.

అయితే అమ్మ పేరున కూడా క్యాలెండర్‌లో చుక్కలు పెట్టి చూశాం, పచ్చ పెన్నుతో. ఒక నెలలో ఆరు. అందులో రెండు కూరగాయల బండి అతనితో. అడుగులు నిండుగా ఉన్నాయి, మనుషులు లేరు. నాన్నకి మనుషులుంటే అడుగులొచ్చేవి, అమ్మకి అడుగులున్నా మనుషులు రాలేదు. ఒకే ఇంట్లో ఇద్దరిదీ ఎంత వేరో ఆ క్యాలెండర్ పేజీ చూస్తే తెలిసింది. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గర ఉంది.

కార్తీకమాసంలో మా వీధి చివర రామాలయంలో కోలాటం నేర్పుతున్నారని పక్కింటి పిన్ని గారు అమ్మని లాక్కెళ్ళారు. మన గోదావరి జిల్లాల్లో ఇప్పుడు ఏ ఊళ్ళో చూసినా కోలాటం బృందాలే, అందరూ ఒకే రంగు చీరలు, అరవై దాటినవాళ్ళు కూడా బోలెడంత మంది. అమ్మ మొదటి వారం కర్రలు తప్పుగా కొట్టి పక్కావిడ వేలికి తగిలిందని రాత్రంతా నొచ్చుకుంది. ఇప్పుడు వారానికి మూడు సాయంత్రాలు వెళ్తుంది. నేనొకసారి వెళ్ళి చూశాను. గుండ్రంగా తిరుగుతూ, రెండడుగులు ముందుకి, ఒకటి వెనక్కి, కాస్త వంగి కింద కర్ర కొట్టి లేచి, పక్కకి తిరిగి ఎదుటివాళ్ళ కర్రకి తగిలించి, మళ్ళీ తిరగడం. పాట వేగం పెరిగేకొద్దీ అందరూ నవ్వుతూ వగరుస్తున్నారు. బ్యాలెన్స్ కోసం వారానికి మూడు రోజులు ఏదో ఒకటి చేయమన్నారే, ఇంతకంటే ఏం చేస్తారు? గంటకి 3,000 దాకా చూపిస్తుంది బ్యాండ్, ఒక్కోసారి చెయ్యి ఊపు వల్ల ఇంకా ఎక్కువ, దాన్ని నమ్మక్కర్లేదు. కర్ర గట్టిగా తగిలి అమ్మ బ్యాండ్ స్క్రీన్ మీద ఒక గీత పడింది, పనిచేస్తోంది. ఇప్పుడు కోలాటానికి వెళ్ళేటప్పుడు తీసి దేవుడి గదిలో పెట్టి వెళ్తోంది. మంచిదే.

చిన్న చిన్న విషయాలు కొన్ని. గాజులున్న చేతికి బ్యాండ్ కుదరదు, గాజు వచ్చి స్క్రీన్‌కి తగిలి దానంతటదే మారిపోతుంది, అమ్మ కుడిచేతి గాజుల పైన మోచేతి వైపు కడుతుంది, లెక్కలో పెద్ద తేడా రాలేదు. తెలుగులో మెసేజ్ వస్తే మా దాంట్లో అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తాయి, మెనూ కూడా ఇంగ్లీషులోనే, కొనేముందు షాపులోనే ఒక తెలుగు మెసేజ్ పంపించి చూసుకోండి. అంకెలు పెద్దగా కనిపించే డయల్ పెట్టుకుంటే నాన్న కళ్ళజోడు లేకుండా టైం చూసుకోగలుగుతున్నారు, నిజం చెప్పాలంటే ఆయన దీన్ని రోజూ వాడేది టైం కోసమే. చార్జింగ్ పది రోజులు వస్తోంది, పద్నాలుగు అని డబ్బా మీద రాశారు. చార్జర్ అయస్కాంతంలా అతుక్కునేది, తిరగేసి పెడితే ఎక్కదు, వైర్ మీద నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టి ఏ వైపు పైకి రావాలో గుర్తు పెట్టాను. స్ట్రాప్ కింద సబ్బునీళ్ళు నిలిచి నాన్నకి దద్దుర్లు వచ్చాయి, స్నానానికి తీసేసి, తుడిచి, వారానికొకసారి చెయ్యి మారుస్తుంటే తగ్గాయి. పడిపోతే ఫోన్ చేసే సదుపాయం ఈ ధరలో నాకు దొరకలేదు, మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఒంటరిగా ఉంటుంటే దానికోసం ఎక్కువ పెట్టి వేరేది చూసుకోండి.

రేటింగ్ అడిగితే అయిదుకి మూడున్నర ఇస్తాను. "బానే ఉన్నాం" అనే మాట వెనక ఏముందో నాకు మొదట చెప్పింది ఇదే, అందుకు మూడున్నర. దాని అర్థమేంటో మాత్రం వెళ్ళి పక్కన కూర్చుంటేనే తెలిసింది.

పోస్ట్‌మాస్టర్ గారు తనకి కూడా ఒకటి తెప్పించమని నాన్నతో చెప్పారట. ఇప్పుడే వద్దు, కర్ర కూడా వదిలాక చూద్దాం అన్నాను. వాకర్ నుంచి చేతికర్రకి వచ్చారు, పోయిన సోమవారం నుంచి ఇద్దరూ ఆటోలో పుష్కర ఘాట్ దాకా వెళ్ళి, బెంచీ వరకు నడిచి, టీ తాగి వస్తున్నారు. రైల్వే ఆయన కూడా మొన్నటినుంచి వస్తున్నారట. నాన్న లెక్క ఇంకా 3,900 దాటలేదు. క్యాలెండర్‌లో మాత్రం వరసగా ఎనిమిది ఎర్ర చుక్కలు, అమ్మ ఫోటో తీసి పంపింది.